మా అబ్బాయికి కొన్రాడ్ అని పేరు పెట్టుకున్నాం

మా అబ్బాయి పేరు కొన్రాడ్ హర్ష. హర్ష సంగతి ఎవరూ అడగరు. కొన్రాడ్ అనగానే మాత్రం మనవాళ్లు ఎవరైనా సరే, "అంటే ఏంటి? అదెందుకు పెట్టారు?" అంటారు. ఫోన్లో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. ఇప్పుడు వాడు నిద్రపోయే వేళల్లో కూర్చుని మొత్తం రాస్తున్నాను. జర్మనీలో పిల్లలకు పేరు పెట్టబోతున్న తెలుగువాళ్లకు ఆఫీసు పనుల సంగతి కూడా ఇందులో కొంత దొరుకుతుంది.

మేం ఉండేది స్టుట్‌గార్ట్‌లో. నాది తెనాలి. మావారిది ఇక్కడికి దగ్గర్లోనే, రెమ్స్ నది లోయలో ద్రాక్షతోటల మధ్య ఒక ఊరు. ఆయన తాతగారి పేరు కొన్రాడ్. నేను ఆ ఇంటికి వెళ్లేసరికి ఆయన తొంభైకి దగ్గర పడ్డారు. చెవులు సరిగ్గా వినపడవు. ఆయన మాట్లాడేది అచ్చమైన ష్వేబిష్ యాస, నాకు వచ్చింది క్లాసులో నేర్చుకున్న జర్మన్. అయినా మాకు బాగా కుదిరింది. ఫిబ్రవరి చలిలో తీగలు కత్తిరించేటప్పుడు నన్నూ తోటకి రమ్మనేవారు. ఒక్కో మొక్క ముందు నిలబడి, నిరుడు కాసిన కొమ్మ ఏది, ఈ ఏడు ఉంచాల్సింది ఏది అని వేలితో తాకి చూపించేవారు. "ఏమంటావు?" అని అడిగి, నేను సరేనన్నాకే కత్తెర వేసేవారు. ఆ తోటలోనే పుట్టి పెరిగిన మనిషి నన్ను అడిగి కొమ్మ కొయ్యడం నాకెంత గౌరవంగా అనిపించేదో చెప్పలేను.

ఆయన పోయిన మరుసటి ఏడాది నాకు నెల తప్పింది. మగపిల్లాడైతే తాతగారి పేరు పెడదామన్నది నేనే. మనకి తాత పేరు మనవడికి రావడం మామూలే కదా. ఒకప్పుడు జర్మన్ కుటుంబాల్లోనూ అదే పద్ధతి, తాతల పేర్లు, జ్ఞానపితల (బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలబడే పెద్దల) పేర్లు పిల్లలకు దిగుతూ ఉండేవి. ఇప్పుడు చాలామంది దాన్ని రెండో పేరుగా కాగితాల్లో పెట్టి ఊరుకుంటారు. మా అత్తగారు కూడా మొహమాటంతో "రెండో పేరుగా పెట్టినా చాలమ్మా" అన్నారు. నాకు అది నచ్చలేదు. పెద్దాయన పేరు పెట్టుకునేదే రోజూ నోరారా పిలవడానికి.

తెనాలికి ఫోన్ చేసి చెప్పాను. "అదేం పేరే, నోరు తిరగడం లేదు. అర్థం ఏంటి దానికి?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. మావారిని అడిగితే "కొన్రాడ్ అంటే మా తాత, అంతే" అన్నారు. ఇక్కడివాళ్లలో పేరుకు అర్థం అడిగే అలవాటు తక్కువ. మనకి రవి అన్నా, శ్రీనివాస్ అన్నా, లక్ష్మి అన్నా అర్థం ఎదురుగానే ఉంటుంది. జర్మనిక్ పేర్లు పుట్టింది వెయ్యీ పన్నెండొందల ఏళ్ల కిందటి భాషలో. ఆ భాష మారిపోయింది, పేర్లు మిగిలాయి. అందుకే వాటిని రోజూ పిలిచేవాళ్లకు కూడా లోపల ఏముందో తెలియదు.

పేర్ల వెబ్‌సైట్లు చూస్తే ఒకచోట "ధైర్యవంతుడైన మంత్రి", ఇంకోచోట "వీరుడు", మరోచోట "సలహాలిచ్చే రాజు" అని ఉంది. మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన దగ్గరికి ఇలాంటి కబుర్లు తీసుకెళితే ఒప్పుకోరు, "ఏ ధాతువు?" అంటారు. అందుకని నగర గ్రంథాలయానికి వెళ్లాను. 2011లో తెరిచిన పెద్ద తెల్లటి ఘనాకారం భవనం అది, లోపల కూడా అంతా తెలుపే. అక్కడ పేర్ల నిఘంటువులు, పదాల పుట్టుక చెప్పే నిఘంటువులు వరసగా ఉంటాయి. పెద్ద పొట్టతో ఆ మెట్లు ఎక్కలేక లిఫ్టులో తిరుగుతూ చాలా మధ్యాహ్నాలు అక్కడే గడిపాను.

అక్కడ తేలింది ఇది. కొన్రాడ్ పాత రూపం కూఓన్‌రాట్. రెండు మాటలు కలిసిన పేరు. మొదటిది "కూఓని", అంటే ధైర్యం గల, తెగువ గల. ఇప్పటి జర్మన్‌లో "క్యూన్" అయింది. రెండోది "రాట్", అంటే ఆలోచన, సలహా, మంచీచెడూ చూసి చెప్పే మాట. ఈ రెండోది ఇప్పటికీ బతికే ఉంది. ఊరి పురపాలక భవనాన్ని "రాట్‌హౌస్" అంటారు, పెద్దలు కూర్చుని ఆలోచన చేసే ఇల్లు అని. ధైర్యం, ఆలోచన రెండూ ఒకే పేరులో ఉన్నాయి. ప్రాచీన గ్రీకుల్లో కూడా సరిగ్గా ఇదే కూర్పుతో థ్రాసిబూలోస్ అనే పేరు ఉండేది.

పాత జర్మనిక్ పేర్లు ఎక్కువగా ఇలా జంట మాటలే. ఫ్రీడ్రిష్‌లో శాంతి, ప్రభుత్వం ఉన్నాయి. లుడ్విగ్‌లో కీర్తి, యుద్ధం. గెర్హార్డ్‌లో ఈటె, దృఢత్వం. బెర్న్‌హార్డ్‌లో ఎలుగుబంటి, దృఢత్వం. విల్‌హెల్మ్‌లో సంకల్పం, శిరస్త్రాణం. అయితే ఈ రెండు ముక్కల్నీ కలిపి ఒక వాక్యంలాగా చదవకూడదని పండితులు గట్టిగా చెబుతారు. "శాంతి" పక్కన "యుద్ధం" వచ్చే పేర్లు కూడా ఉన్నాయి మరి. ఇంట్లో ఇష్టపడే మాటలు కొన్ని ఉండేవి. తండ్రి పేరులో సగం, తల్లి వైపు నుంచి సగం తీసుకుని బిడ్డకు కొత్త పేరు కట్టేవారు. పేరు వింటే ఏ ఇంటివాడో తెలిసిపోవాలి. 9వ శతాబ్దంలో రాతకెక్కిన హిల్డెబ్రాండ్ పాట అనే పాత జర్మన్ వీరగాథలో తాత హెరిబ్రాండ్, కొడుకు హిల్డెబ్రాండ్, మనవడు హాడుబ్రాండ్. మూడింటికీ మొదట హకారం, చివర "బ్రాండ్". అది చదువుతుంటే నాకు మన వేంగి చాళుక్యులు గుర్తొచ్చారు. విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు, జయసింహుడు అని తరం తర్వాత తరం అవే పేర్లు తిరిగి తిరిగి వస్తుంటాయి కదా.

నాన్న అడిగే ధాతువు కూడా దొరికింది. "రాట్" అనే మాటకు సంస్కృతంలో "రాధ్" ధాతువుతో చుట్టరికం ఉంది. నెరవేర్చడం, సఫలం కావడం దాని అర్థం. ఆరాధన, అపరాధం, రాధ అన్నీ ఆ ధాతువువే. "కూఓని"ని కూడా భాషావేత్తలు "తెలుసు, చేయగలను" అనే అర్థమున్న జర్మన్ క్రియ పక్కన పెడతారు. మొదట్లో దాని భావం తెలివైన, ఆరితేరిన అని, తర్వాత ధైర్యం గల అనే అర్థం వచ్చిందని చెబుతారు. ఆ క్రియ మూలం మన "జ్ఞా", జ్ఞానం అనే మాటలో ఉన్నది. నాన్నకి ఇది చెప్పేసరికి ఫోన్లో ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "ఇంకేమే, జ్ఞానమూ రాధా ఇద్దరూ ఉన్నారు పేరులో, పెట్టుకోండి" అన్నారు.

నేను మాత్రం ఆయనతో ఒక మాట గట్టిగా చెప్పాను. ఈ పేరు సంస్కృతం నుంచి జర్మన్‌కు పోలేదు. రెండు భాషలకూ అంతకు ముందున్న ఒక భాష మూలం, అంతవరకే. మన తెలుగు ఆ కుటుంబం కూడా కాదు, ద్రావిడ భాష. జ్ఞానం, ఆరాధన మనం తెచ్చుకున్న మాటలు. ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మా మామగారి అల్మరాలో గోధుమరంగు అట్టతో ఒక వంశావళి పుస్తకం ఉంది. 18వ శతాబ్దం దాకా పూర్వీకుల పేర్లు అందులో చర్చి రికార్డుల నుంచి ఎక్కించారు, కొన్రాడ్‌లు కూడా కనిపిస్తారు, సి అక్షరంతో రాసి. ఆ పుస్తకాన్ని నాకు చూపించడానికి మావారు చాలా సంకోచించారు. ఎందుకంటే అలాంటి పుస్తకాలు 1930లలో నాజీల కాలంలో తయారైనవి. మా రక్తంలో యూదులు లేరు, మేం "ఆర్యులం" అని ఊరి ప్రజలు కాగితాల మీద నిరూపించుకోవాల్సి వచ్చిన రోజులవి. మన సంస్కృతం మాటనే ఎత్తుకెళ్లి మనుషుల్ని చంపడానికి వాడుకున్నారు. భాషల చుట్టరికం వేరు, నెత్తుటి చుట్టరికం వేరు. ఆ రెండూ కలిపేస్తే ఏం జరిగిందో ఈ దేశంలో ఉంటూ మర్చిపోకూడదు.

ఆ పుస్తకం చూశాకే నా వెతుకులాట దారి మారింది. అడాల్ఫ్ అనే పేరు తీసుకోండి. అర్థం చూస్తే "ఉదాత్తం" ఒకటి, "తోడేలు" ఒకటి, పాత పేర్లలో ఎంతో గౌరవమైన కూర్పు. ఇవాళ జర్మనీలో దాదాపు ఎవరూ బిడ్డకు ఆ పేరు పెట్టుకోరు. ధాతువు ఎంత గొప్పదైనా మోసిన మనిషి పాడుచేస్తే పేరు పోతుంది. కాబట్టి కొన్రాడ్ అనే పేరును ఎవరెవరు మోశారో చూడాలి. నా దృష్టిలో పేరుకు అసలైన అర్థం అక్కడే ఉంటుంది.

రాజులు చాలామంది ఉన్నారు. మొదటి కొన్రాడ్ 911లో తూర్పు ఫ్రాంకుల రాజ్యానికి రాజయ్యాడు. రెండో కొన్రాడ్ 1024లో రాజుగా ఎన్నికై, 1027లో రోమ్‌లో చక్రవర్తి కిరీటం పెట్టుకున్నాడు. స్పైయర్ మహాలయం, అంటే ఆ ఊరి పెద్ద చర్చి, పని మొదలుపెట్టించింది ఈయనే. హోహెన్‌స్టౌఫెన్ అనే రాజవంశంలో ఆఖరివాడి పేరు కూడా కొన్రాడే. చిన్నవాడు కాబట్టి కొన్రాడిన్ అని ముద్దుపేరు. పోయిన రాజ్యం కోసం ఇటలీ మీదికి వెళ్లి ఓడిపోయాడు. 1268 అక్టోబరులో నేపుల్స్‌లో బహిరంగంగా తల నరికారు. వాడికప్పుడు 16 ఏళ్లు. కడుపులో బిడ్డ కదులుతుంటే ఆ పేజీ చదవడం నాకు చేతకాలేదు, పుస్తకం మూసేశాను.

రాజుల పేరు కావడంతో 12, 13 శతాబ్దాలకల్లా ఇంటింటికీ పాకింది. ఎంతగా అంటే, జర్మన్‌లో "హింట్స్ ఉండ్ కుంట్స్" అని ఒక నుడికారం ఉంది, మనం ఎల్లయ్య, పుల్లయ్య అన్నట్టు. హింట్స్ అంటే హైన్‌రిష్, కుంట్స్ అంటే కొన్రాడ్. కుర్ట్ అనే పేరు కూడా కొన్రాడ్ కుదింపే. ఇటాలియన్లు కొరాడో అంటారు, డచ్ వాళ్లు కూన్‌రాడ్ అంటారు.

వీటన్నిటిలో నా మనసుకు బాగా పట్టింది మాత్రం మావారి లోయలో జరిగిన కథే. 1514లో ఈ ప్రాంతాన్ని ఏలే వ్యుర్టెంబెర్గ్ ప్రభువు ఉల్రిష్ అప్పుల్లో మునిగిపోయి, జనం మీద కొత్త పన్ను వేశాడు. పన్ను అని పేరు పెట్టకుండా సంతలో తూకపు రాళ్ల బరువు తగ్గించాడు. డబ్బు అంతే ఇవ్వాలి, మాంసం, పిండి తక్కువ వస్తాయి. బాయ్‌టెల్స్‌బాఖ్ అనే ఊళ్లో పీటర్ గైస్ అనే రైతు ఆ కొత్త తూకపు రాళ్లు పట్టుకుని, ఊరివాళ్లందరినీ వెంటేసుకుని రెమ్స్ నది దగ్గరికి వెళ్లాడు. ప్రభువు చేసింది న్యాయమైతే రాళ్లు తేలతాయి, రైతుల మాట న్యాయమైతే మునుగుతాయి అని నీళ్లలోకి విసిరాడు. ఇనుము మునిగింది, తిరుగుబాటు లేచింది. ఆ ఉద్యమానికి "ఆర్మర్ కొన్రాడ్" అని పేరు, అంటే పేద కొన్రాడ్. పైవాళ్లు పల్లెటూరివాణ్ణి తీసిపారేస్తూ వాడే మాటనే రైతులు తమ జెండాకి పెట్టుకున్నారు. ఆ ఏడాదే దాన్ని అణిచేశారు, నాయకుల తలలు తీశారు. జర్మన్ రైతుల మహా తిరుగుబాటు వచ్చింది ఇంకో 11 ఏళ్లకు, 1525లో. మా మామగారి తోట నుంచి దిగితే ఆ నది కనిపిస్తుంది. మేం ప్రతి ఆదివారం నడిచేది దాని ఒడ్డునే. మావారికి స్కూల్లో చెప్పిన పాఠమే ఇది. కానీ తాతగారి పేరుకూ దీనికీ ముడిపెట్టి ఎప్పుడూ ఆలోచించలేదట. రాజు పేరే పేదవాడి పేరు కూడా అయింది. దీన్ని మించిన పేరు ఏముంటుందని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

కొత్త కాలంలోనూ తక్కువేం లేదు. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి మొదటి ఛాన్సలర్ కొన్రాడ్ అడెనావర్, 73 ఏళ్ల వయసులో 1949లో పదవిలోకి వచ్చి 1963 దాకా ఉన్నాడు. జర్మన్ వర్ణక్రమాన్ని ఒక దారిలో పెట్టిన కొన్రాడ్ డూడెన్ 1880లో నిఘంటువు తెచ్చాడు. ఇప్పటికీ ఇక్కడ ఏ మాట ఎలా రాయాలో తేలకపోతే "డూడెన్ చూడు" అంటారు. ఎక్స్‌రేలు కనిపెట్టిన రోంట్‌గెన్ పూర్తి పేరు విల్‌హెల్మ్ కొన్రాడ్ రోంట్‌గెన్. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు ఇష్టమైన పేరు కొన్రాడ్ సూజె. 1941లో బెర్లిన్‌లో జెడ్3 అనే యంత్రం నడిపి చూపించాడు, ప్రోగ్రామ్‌తో పనిచేసిన తొలి కంప్యూటర్ అది. మా ఆఫీసులో పేరు చెప్పగానే అందరూ సూజెనే తలుచుకున్నారు.

ఏడో నెలలో కొన్‌స్టాన్స్ వెళ్లాం. బోడెన్‌జే సరస్సు ఒడ్డున ఊరు. 934 నుంచి 975 దాకా అక్కడ బిషప్‌గా ఉన్న కొన్రాడ్‌కి 1123లో పోప్ సెయింట్ హోదా ఇచ్చారు. ఆయన పలుమార్లు జెరూసలేం యాత్ర చేసి వచ్చి, అక్కడి క్రీస్తు సమాధి మందిరాన్ని తలపించేలా మహాలయం పక్కన ఒక గుండ్రటి గుడి కట్టించాడు. ఆ మందిరం ఇప్పటికీ ఉంది. ఆయన బొమ్మ ఎక్కడ చూసినా చేతిలో పానపాత్ర, దాని మీద సాలెపురుగు ఉంటాయి. ఈస్టర్ పూజలో పాత్రలో సాలెపురుగు పడిందట. అప్పట్లో సాలెపురుగంటే విషం అని నమ్మేవారు. పవిత్రమైన ద్రాక్షరసాన్ని పారబోయకూడదని ఆయన పురుగుతో సహా తాగేశాడు. కాసేపటికి అది నోట్లోంచి బయటికి వచ్చిందట, ఆయనకేమీ కాలేదట. మావారి వాళ్లు ప్రొటెస్టెంట్లు, సెయింట్లను కొలవరు. అయినా మా అత్తగారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. విషాన్ని గొంతులో పెట్టుకున్న దేవుడు మాకూ ఉన్నాడని ఆవిడకి శివుడి కథ చెప్పాను.

ఇక కాన్పు, కాగితాలు. ఇక్కడ బిడ్డ పుట్టిన వారం లోపల స్టాండెస్‌ఆమ్ట్‌కి, అంటే జనన, మరణ, వివాహాల రిజిస్ట్రారు ఆఫీసుకి తెలియజేయాలి. ఆస్పత్రిలో పుడితే ఆ పని ఆస్పత్రివాళ్లే చేస్తారు. వాడు పుట్టిన మర్నాడే పేరు ఫారం తెచ్చి సంతకం పెట్టమన్నారు. నాకేమో బారసాల అయ్యాక, 21వ రోజున చెవిలో చెప్పాకే పేరు బయటికి రావాలని ఉంది. ముందే రాసివ్వాలని వార్డులో ఒకరు తొందరపెట్టారు. బాలింతరాలికి అది చాలా టెన్షన్. చట్టం ప్రకారం అంత తొందర లేదు. పుట్టుక వారంలో తెలిపితే చాలు, పేరు తెలపడానికి నెల గడువు ఉంటుంది. మావారు రిజిస్ట్రారు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నారు. అక్కడి ఆవిడ ఎంతో మర్యాదగా, "మీ వేడుక చేసుకునే రండి" అన్నారట. ఒక్కటే ఇబ్బంది, పేరు ఇచ్చేదాకా జనన ధ్రువపత్రం రాదు, అది లేకుండా పిల్లల భత్యానికి, తల్లిదండ్రుల సెలవు భత్యానికి దరఖాస్తు కదలదు. మేం దానికి సిద్ధపడ్డాం.

అమ్మ పంచాంగం చూపించింది. పునర్వసు మూడో పాదం. పునర్వసుకి అక్షరాలు కే, కో, హా, హీ. "కో" రెండో పాదానిది, మూడో పాదానిది "హా". "నక్షత్రం ఒకటే కదా, కో కూడా దాందే" అని అమ్మే సర్దిచెప్పింది. పాదం లెక్కకి హర్ష అని రెండో పేరు కూడా కుదిరింది. నాకు ఆ పేరు మొదటినుంచీ ఇష్టం.

బారసాల మా అపార్ట్‌మెంట్ హాల్లోనే చేశాం. అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు. పళ్లెంలో బియ్యం పోసి, మావారి చేతికి ఉంగరం ఇచ్చి, నాన్న పక్కన కూర్చున్నారు. ముందు ఒక చర్చ నడిచింది. జర్మన్‌లో మాట చివర డకారం రాసినా టకారంలాగా పలుకుతారు, కాబట్టి "కొన్రాట్" అని రాయాలా, "కొన్రాడ్" అని రాయాలా? వెనక అచ్చు చేరితే మళ్లీ డకారమే పలుకుతుందని మావారు అన్నారు. అయితే అసలు అక్షరం డకారమేనని నాన్న తేల్చారు. "కొ" బాగానే వచ్చింది. "న్రా" దగ్గర క్రావడి కిందికి లాగేటప్పుడు బియ్యం జారి పూడిపోయింది. నాన్న అల్లుడి చూపుడువేలు పట్టుకుని, పళ్లేన్ని కొంచెం వంచి, మళ్లీ దిద్దించారు. తర్వాత "డ్" పొల్లు. ముమ్మారు రాయాలి కదా, మూడోసారికి మావారు ఒక్కరే రాశారు. మా మామగారు అదంతా ఫొటోలు తీస్తూ కళ్లు తుడుచుకున్నారు. ఆయన తండ్రి పేరు కదా అది.

ఆ వారంలోనే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాం. నా కాగితాల గొడవ పెళ్లి నాడే అయిపోయింది కాబట్టి ఈసారి తేలిక. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మన అపొస్టిల్ ముద్రని, అంటే మన కాగితాలు విదేశాల్లో చెల్లడానికి వేసే ముద్రని, జర్మనీ ఒప్పుకోదు. ఇండియా 2005లో ఆ ముద్ర గురించిన అంతర్జాతీయ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం పెట్టింది. అందుకని మన జనన ధ్రువపత్రాల్ని ఇండియాలోని జర్మన్ రాయబార కార్యాలయం ద్వారా విచారణ చేయించాల్సి రావచ్చు, దానికి నెలలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. తల్లిదండ్రుల కాగితాలు తేలకపోతే బిడ్డకు మామూలు ధ్రువపత్రం బదులు "గుర్తింపు రుజువు కాలేదు" అనే మాటతో రిజిస్టరు నకలు ఇస్తారు. కడుపుతో ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టడం మంచిది. దంపతులిద్దరూ తెలుగువాళ్లయితే ఇంటిపేరు సంగతి కూడా ముందే చూసుకోవాలి. మన పాస్‌పోర్టుల్లో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. బిడ్డకు ఏ ఇంటిపేరు వస్తుందో ఇక్కడివాళ్లకి కాగితం మీద స్పష్టంగా చూపించాలి.

ఆ ఆఫీసర్ కొన్రాడ్ అని చదివి నవ్వి, హర్ష దగ్గర ఆగారు. "ఇది మగపిల్లల పేరేనా?" అన్నారు. చివర అకారం ఉంటే ఇక్కడ ఆడపిల్ల పేరనుకుంటారు. ఒకప్పుడైతే ఇది పెద్ద అడ్డంకి అయ్యేది. పేరులోనే ఆడో మగో తెలియాలని పట్టుబట్టేవారు. దాన్ని సడలించిన తీర్పు మన పేరు మీదే వచ్చింది. భారతీయ మూలాలున్న ఒక కుటుంబం తమ కూతురికి కిరణ్ అని పేరు పెడితే అధికారులు కుదరదన్నారు. కేసు కార్ల్స్‌రూలోని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2008 డిసెంబరు 5న కోర్టు తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెప్పింది. పేరు ఎంచుకునే హక్కు వాళ్లది, బిడ్డ మేలుకు భంగం కలిగితేనే రాజ్యం అడ్డుకోవచ్చు అని. ఆ కుటుంబానికి మాబోటి వాళ్లందరం రుణపడి ఉన్నాం. మాకు ఎలాగూ ముందు కొన్రాడ్ ఉంది కాబట్టి ఆవిడ ఇంకేమీ అడగలేదు.

ఆవిడ అడిగిన ఇంకో ప్రశ్న ఈ పని మీద వెళ్లే ప్రతివాళ్లకూ ఉపయోగపడుతుంది. రెండు పేర్ల మధ్య చిన్న గీత పెట్టాలా వద్దా? గీత పెడితే రెండూ కలిసి ఒకే పేరు, ఎక్కడైనా పూర్తిగానే రాయాలి. పెట్టకపోతే రెండు విడి పేర్లు, ఏది కావాలంటే అది పిలుపు పేరుగా వాడుకోవచ్చు. 2018 నవంబరు నుంచి పెద్దయ్యాక ఆ పేర్ల వరస మార్చుకోవడానికి కూడా వీలు ఇచ్చారు. మేం గీత వద్దన్నాం. వాడికి రేపు తెనాలిలో హర్షగా ఉండాలనిపిస్తే ఉండొచ్చు. కె తోనా సి తోనా అంటే కె అని చెప్పాం. పాత చర్చి పుస్తకాల్లో సి ఉన్నా, తాతగారు సంతకం చేసింది కె తోనే.

ఇప్పుడు అమ్మ వాణ్ణి "కొండా" అని పిలుస్తుంది. "మా బంగారు కొండ" అనడం మనకి ఉన్నదే కాబట్టి కొన్రాడ్ కాస్తా కొండ అయిపోయాడు. మా అత్తగారు కూడా అది నేర్చుకుని పిలుస్తున్నారు. ఆవిడ నోట్లో అది "కొంటా" అవుతుంది, వాడు రెండింటికీ తిరిగి చూస్తాడు.

వచ్చే వేసవిలో అమ్మానాన్నలు మళ్లీ వస్తున్నారు. అందరం కలిసి స్పైయర్ వెళ్దామని అనుకుంటున్నాం. రెండో కొన్రాడ్ సమాధి ఆ మహాలయంలోనే, ఆయన మొదలుపెట్టించిన కట్టడం లోపలే ఉంది. నాన్న ఇప్పటినుంచే ఆయన గురించి తెలుగులో నోట్స్ రాసుకుంటున్నారు.